ఒక సూదికి రెండు మొనలు

మా ఇంట్లో ఎవరైనా "పీసు" అంటే చాలు, ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. మండినా లాభం లేదు. ఆ మాట లేకుండా మా ఇంట్లో ఎవరికీ పూట గడవదు.

బావగారిది మాంసం కొట్టు. పొద్దున్నే కొట్టు తలుపు తీసింది మొదలు "చిన్న పీసులా, పెద్ద పీసులా?" అని అడుగుతూనే ఉంటారు. ఆయనకి పీసంటే పెద్దదాన్ని నరికితే వచ్చేది. మావయ్య నలభై ఏళ్లు గడియారాలు బాగుచేశారు కాబట్టి ఆయనకి పీసంటే టైంపీసు. అది ముక్క కాదు, మొత్తం వస్తువు. ఎవరిదో పాత అలారం గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "ఈ పీసు ఇంకో ఇరవై ఏళ్లు తిరుగుతుంది" అని మురిసిపోతారు. మా ఆయన లేతు మిషను మీద పనిచేస్తారు. ఆయన పీసు ఇంకా ఏమీ కానిది. ఉత్త ఇనప కడ్డీ. మిషనుకి బిగించి చెక్కితే తప్ప దానికో పేరు రాదు. అత్తయ్య ముందుగదిలో కటుపీసులు అమ్ముతారు. ఏ తానులోంచి వచ్చాయో, మిగతా గుడ్డ ఎవరి ఒంటిమీద ఉందో తెలియని ముక్కలు. ఇవి చాలవన్నట్టు, కాస్త తిక్కగా మాట్లాడిన ప్రతి మనిషినీ "వాడో పీసులే" అని కొట్టిపారేస్తారు ఆవిడ.

నేనూ, మా తోడికోడలూ పనిచేసేది బట్టలు కుట్టే కంపెనీలో. అక్కడ పీసంటే కుట్టడం అయిపోయిన గౌను. గంటకిన్ని పీసులు, పూటకిన్ని పీసులు. కానీ అదే కంపెనీలో మా తోడికోడలు కూర్చునే చిన్నగదిలో పీసంటే విరిగిన సూది ముక్క. మిగతా అందరి పీసులూ కళ్ల ముందుంటాయి. ఆవిడవి మాత్రం కనపడకుండా పోతాయి. వాటిని వెతికించడమే ఆవిడ ఉద్యోగం.

ఈ రాసేదంతా ఆవిడ గురించే. ఆవిడ మీద నాకు కోపం ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచిపెట్టానని ఎవరూ అనకుండా.

కంపెనీలో ఆవిడ్ని అందరూ సూదక్క అంటారు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన మూడో నెలలోనే అక్కడ చేరిందట. మొదట దారాలు కత్తిరించే పని. పొద్దస్తమానం నిలబడి, బొటనవేలంత కత్తెరతో, గౌన్ల మీద వేలాడే దారప్పోగుల్ని ఒక్కొక్కటే కత్తిరించాలి. తర్వాత మిషను ఎక్కింది. పదేళ్లకి మెడ పట్టేసి వంగలేకపోతే, పదో క్లాసు చదివిన మనిషి కదా అని సూదుల గదిలో కూర్చోబెట్టారు. ఇది జరిగి పదకొండేళ్లయింది. నన్ను కంపెనీలో చేర్పించిందీ ఆవిడే. "మా చెల్లెలు" అని చెప్పి చేర్పించింది. తోడికోడళ్లయితే పని దగ్గర పోట్లాడుకుంటారని సార్లు భయపడతారట.

ఆ గదికి వల కొట్టిన కిటికీ ఒకటి. లోపల ఒక టేబులు, చిన్న చిన్న సొరుగులున్న బీరువా, ఒక భూతద్దం, తాడు కట్టిన అయస్కాంతం, లావుపాటి రిజిస్టరు. మా దగ్గర సూది విరిగితే మిషను ఆపాలి, చెయ్యెత్తాలి. విరిగిన పీసులన్నీ ఏరుకుని ఆ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాలి. రిజిస్టరులో పేజీకో సూది బొమ్మ గీసి ఉంటుంది. ఆ బొమ్మ మీద అక్క పీసుల్ని పేర్చి, పైనున్న లావు భాగం నుంచి మొన దాకా ఎక్కడా సందు లేదని భూతద్దంతో చూసి, టేపు అంటిస్తుంది. పక్కన గడుల్లో సూది నంబరు, మిషను నంబరు, టైము, దొరికిన చోటు, సంతకం. అదంతా అయ్యాకే కొత్త సూది ఇస్తుంది. ఒక్క పీసు తగ్గినా ఇవ్వదు. గంటలోపు దొరక్కపోతే ఆ లైనులో కుట్టిన గౌన్లన్నీ పక్కన పెట్టేయాలి, ఒక్కటి కూడా పెట్టెలోకి పోకూడదు.

ఇది మంచి పద్ధతి. కాదనను. ఆ గౌన్లు వేసుకునేది పసిపిల్లలు. కుట్టులో మొన ఉండిపోతే అది పిల్ల ఒంట్లో దిగుతుంది. ఎవరి పిల్లలైనా పిల్లలే.

అక్కకి ఆ పద్ధతి కంపెనీతో ఆగలేదు. ఇంట్లో కప్పు పగిలినా అంతే. నేలమీద చతికిలబడి, ముక్కలన్నీ పేర్చి, కప్పు ఆకారం వచ్చేదాకా ఎవర్నీ ఆ గదిలో అడుగు పెట్టనిచ్చేది కాదు. "పగిలిన కప్పుకి పెళ్లి చేస్తోంది మా పెద్దకోడలు" అని అత్తయ్య ఎగతాళి చేసేవారు. మావయ్య మాత్రం, "గడియారాలు విప్పింది నేను, ఆ బుద్ధి అబ్బింది దీనికి" అని గర్వపడేవారు. ఇంకో విద్య కూడా ఉంది ఆవిడ దగ్గర. సూదిని రెండు వేళ్ల మధ్య దొర్లించి, కళ్లు మూసుకుని, అది పదకొండో నంబరో పద్నాలుగో నంబరో చెప్పేస్తుంది. మొన ఒక్కటి ఇచ్చినా చెప్పేస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయిలు పందెం కాసి ఓడిపోయేవాళ్లు.

ఈ విద్య సంగతి గుర్తుపెట్టుకోండి. నా కడుపు మండింది దాని దగ్గరే.

మా లైను చూసే సూపర్‌వైజరుని మేం టార్గెట్టు సారు అంటాం. ఆయన నోట్లోంచి ఊడిపడే మొదటి మాట అదే కాబట్టి. ఆరోజు నడుము పట్టీ కుడుతున్నాను. మడత దగ్గర ఆరు పొరల గుడ్డ వస్తుంది. పదకొండో నంబరు సూది ఆ మందానికి ఆగదు. పొద్దున్నే చెప్పాను.

"సార్, దీనికి పద్నాలుగు వెయ్యాలి. పదకొండు వంగిపోతోంది."

"పద్నాలుగు వేస్తే గుడ్డలో బెజ్జాలు కనపడతాయి. దాంతోనే కానియ్యమ్మా. మిగతావాళ్లు కుట్టట్లేదా?"

కానిచ్చాను. మధ్యాహ్నం మూడు కాకముందే సూది వంగి పక్కకి జారి, నా ఎడమ చూపుడు వేలి గోరులోంచి దిగింది. దిగి విరిగింది. నొప్పి తర్వాత తెలిసింది, ముందు చప్పుడే తెలిసింది. టక్కుమని. నర్సు పరిగెత్తుకొచ్చి, పట్టకారుతో వేల్లోంచి ఒక ముక్క లాగింది. "పీసు వచ్చేసిందమ్మా, ఏం పర్లేదు" అంటూ కట్టు కట్టింది. అది బెజ్జమున్న మధ్య ముక్క. పై ముక్క మిషనులోనే ఉంది. మొన లేదు.

మొన లేదనగానే లైనంతా నేలమీదకి దిగింది. ముప్పై మందిమి అయస్కాంతాలు పట్టుకుని టేబుళ్ల కింద పాకాం. కట్టు కట్టిన వేలు పైకెత్తి పట్టుకుని నేను కూడా పాకాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది. నూట నలభై గౌన్లని తిరగేశారు. జేబులు వెతికారు, మిషను నూనె పళ్లెం వెతికారు, చెత్తబుట్ట బోర్లించారు. సూది దిగింది నా వేల్లో. వేలు తప్ప అన్నీ వెతికారు.

బయట లారీ నిలబడి ఉంది. గంట కావడానికి ఇంకా ఐదు నిమిషాలుందనగా టార్గెట్టు సారు సూదుల గదిలోంచి బయటికొచ్చి చేతులు చరిచారు.

"మొన దొరికింది. టేబులు కింద ఉంది. అందరూ కూర్చోండి."

మేం చప్పట్లు కొట్టాం. నిజంగానే కొట్టాం. మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. సాయంత్రం బోర్డు మీద నా పేరు పక్కన పీసులు తగ్గాయని ఎర్ర సుద్దతో సున్నా చుట్టారు.

మూడోరోజుకి వేలు వాచింది. నాలుగోరోజుకి గోరు కింద నల్లబడి, గుండె వేల్లోనే కొట్టుకుంటున్నట్టు సలుపు. నర్సు దగ్గరికి వెళ్తే అటూ ఇటూ తిప్పి, "గోరుచుట్టు. వేడినీళ్లలో పెట్టుకో" అంది. గోరుచుట్టు మీద రోకలిపోటు అని వింటూ వచ్చానుగానీ, రోకలిపోటుకే గోరుచుట్టని పేరు పెట్టడం అప్పుడే చూశాను. నాకు పెద్దాసుపత్రికి కాగితం రాసివ్వమన్నాను. ఆ కాగితం ఉంటేనే కంపెనీ తరఫున అక్కడ చూస్తారు. ఆవిడ గుమ్మంలో నిలబడ్డ టార్గెట్టు సారు వంక చూసింది.

"పీసులన్నీ దొరికాయని రిజిస్టరులో ఉంది కదమ్మా" అన్నారాయన. "నీ వేలికీ సూదికీ ఇంక సంబంధం ఏముంది? తగ్గేదాకా ఇంట్లో ఉండు. సోమవారానికి రాకపోతే ఆ మిషను మీద ఇంకొకళ్లని కూర్చోబెట్టాల్సొస్తుంది. తప్పుగా అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాను? ఎడమ చూపుడు వేలు లేకపోతే మిషను మీద గుడ్డ జరపలేను. నాకు వచ్చిన పని అదొక్కటే.

ఆరోరోజు మా ఆయన నన్ను నాలుగు వీధుల అవతలున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ముసలాయన. వేలు నొక్కి చూశాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"లోపల ఏమైనా ఉండిపోయిందా? ఎక్సరే తీయిద్దామా?"

"లేదండీ" అన్నాను. "పీసులన్నీ దొరికాయి. మా అక్క రిజిస్టరులో రాసింది."

అన్నది నేనే. నా నోటితో నేనే. ఆయన మందు రాసిచ్చి, "రెండ్రోజుల్లో తగ్గకపోతే ఎముకకి పాకుతుంది. అప్పుడు మొదటి కణుపు దాకా తీసేయాలి. ఆలస్యం చెయ్యకు" అన్నాడు. నా ఒంట్లో సలుపుతున్న వేలికంటే, అక్క రాసిన రాతనే నమ్మాను. అంతలా నమ్మాను ఆవిడ్ని. కంపెనీలో ఎవర్నడిగినా అంతే చెప్తారు. సూదక్క సంతకం పెట్టిందంటే దానికి తిరుగులేదు.

ఇంట్లో అడిగాను కూడా. "అక్కా, ఆ మొన సరిగ్గా అతికిందా?"

"రాసి ఉంది కదే" అంది, కూరలు తరుగుతూ. తల ఎత్తలేదు.

ఎనిమిదోరోజు సాయంత్రం అత్తయ్య చేతిలోంచి గాజుగ్లాసు జారి వంటింట్లో పగిలింది. నేను గుమ్మం దగ్గర వేలు పైకి పెట్టుకుని కూర్చున్నాను. అక్క చీపురు తెచ్చింది. రెండు ఊపుల్లో ముక్కలన్నీ చేటలోకి ఊడ్చి, చెత్తబుట్టలో పోసేసింది. పేర్చలేదు. చూడను కూడా చూడలేదు. అత్తయ్యకి అందులో వింతేమీ కనపడలేదు. నాకు కనపడింది.

"అక్కా, పీసులు లెక్క చూడలేదేం?"

"పగిలింది పగిలింది. ఏం చూస్తాం."

"ఇటు చూడు."

చూడలేదు.

"ఆ మొన నాది కాదు కదూ?"

చేట కింద పెట్టింది. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"కాదు. అది పద్నాలుగు. చేతిలో పెట్టగానే తెలిసింది."

ఆవిడే చెప్పుకుపోయింది. ఆరోజు సారు పాత రిజిస్టరు తీసి, పోయినేడాది పేజీ ఏదో చూసి, టేపు కింద నుంచి మొన ఒకటి గోటితో లేపాడట. ఇది పెట్టెయ్యమన్నాడట. లారీ తప్పితే లైనంతా ఆదివారం కూడా రావాల్సి వస్తుంది, అందరూ నీ మీదే పడి ఏడుస్తారన్నాడట. గౌన్లని సూదులు పట్టే మిషనులో రెండుసార్లు పంపిస్తాను, ఏ పిల్లకీ ఏమీ కాదన్నాడట.

"పంపించాడు కూడా. నేను నిలబడి చూశాను. ఒక్క గౌను కూడా మోగలేదు. ఎక్కడో బండల సందులో పడి ఉంటుందిలే అనుకున్నాను."

"నా వేలు గుర్తు రాలేదా?"

ఆవిడ అబద్ధం చెప్పి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

"రాలేదు" అంది. "గౌన్లలో లేదు కదా అన్నదే ఆలోచించాను. ఆ తర్వాత నీకు వాచినప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి సంతకం పెట్టేశాను. గోరుచుట్టే అయితే బాగుండునని రోజూ అనుకుంటూ వచ్చాను."

అప్పుడు లేచాను నేను. ఆ సాయంత్రం నా నోట్లోంచి వచ్చిన మాటలన్నీ ఇక్కడ రాయను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఈవిడ అడుసు తొక్కి, కాలు నా మొహాన కడిగింది. ఎనిమిది రోజులు నా పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషి. నా జడ తనే వేసిన మనిషి, నా వేలు పనికిరాదని. కేకలు విని బావగారు కొట్టు బట్టలతోనే లోపలికి వచ్చారు.

"ఏంటమ్మా, ఏంటా గొడవ?"

"మీ ఆవిడ్నే అడగండి బావగారూ. మీరు నరికితే పీసులు ఎదురుగా కనపడతాయి. ఈవిడ సంతకంతో నరికింది. నా వేలు పోతుంది. నా పని పోతుంది."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. మా ఆయనకి అయింది. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి, వదినగారి వంక ఒక్క చూపు చూసి, "ఇప్పుడే ఆస్పత్రికి పోదాం పద" అన్నారు నాతో.

"ఈ వేళప్పుడు పెద్దాసుపత్రిలో ఎక్సరే తీయరు" అంది అక్క, లేచి కళ్లు తుడుచుకుని. "పైగా కంపెనీ కాగితం లేదు, గోరుచుట్టని పంపించేస్తారు. పొద్దున్న ఎనిమిదికి ప్యాకింగు గది తెరుస్తారు. నువ్వు నాతో రా. తొమ్మిదికల్లా కాగితం చేతికి రాకపోతే అప్పుడు నన్ను ఏమైనా అను."

"అప్పటిదాకా ఆగుతాననుకున్నావా, అనడానికి?" అన్నాను. కానీ వెళ్లాను.

ప్యాకింగు గది మధ్యలో ఉంటుంది ఆ సూదులు పట్టే మిషను. పొడుగాటి రబ్బరు పట్టా, మధ్యలో ఒక సొరంగం. గౌను ఒక పక్క పెడితే సొరంగంలోంచి రెండో పక్కకి వస్తుంది. ఇనప రవ్వంత ఉన్నా కుయ్యిమని అరిచి, పట్టా ఆగిపోయి, ఎర్రదీపం వెలుగుతుంది. నేను కూర్చునే చోటికి అది ఇరవై అడుగుల దూరం. ఎనిమిది రోజులూ అది అక్కడే ఉంది.

అక్క నా వేలి ఉంగరం తీయించింది. గాజులు తీయించింది. ప్యాకింగు ఆడవాళ్లు చుట్టూ మూగారు. ముందు తన చెయ్యి పెట్టింది. పట్టా మెత్తగా లాక్కుపోయింది, తను పక్కనే నడిచింది. చప్పుడు లేదు. తర్వాత నా కుడి చెయ్యి పెట్టించింది. చప్పుడు లేదు.

"ఇప్పుడు ఎడమ చెయ్యి."

పెట్టాను. వేళ్లు సొరంగంలోకి పోయాయో లేదో, మిషను గదంతా దద్దరిల్లేలా అరిచింది.

టార్గెట్టు సారు పరిగెత్తుకొచ్చారు. "ఏంటిది? అది మనుషుల్ని పెట్టే మిషనా? ఎవరు చెప్పారు మీకు?"

"ఇంకోసారి చూడండి సార్" అంది అక్క.

మళ్లీ పెట్టాను. మళ్లీ అరిచింది. ఎర్రదీపం ఆయన మొహం మీద పడింది. ఆయనకి అర్థమైంది. అర్థమైన మొదటి క్షణంలో ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"హమ్మయ్య. అయితే గౌన్లలో లేదన్నమాట."

గదిలో ఇరవై మంది ఆడవాళ్లున్నారు. అందరి చూపూ నా వేలి మీంచి ఆయన మీదకి తిరిగింది. ఆయన చుట్టూ చూసి, ఏదో తప్పు మాట్లాడానని తెలిసి, "నర్సుని పిలవండి, కాగితం రాయమనండి" అన్నారు. ఆయన చెడ్డవాడని కూడా అనలేను. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. నిజంగానే ఆయన గుండెల మీంచి బరువు దిగింది. నూట నలభై గౌన్లు క్షేమం. మొన ఒక మనిషిలో ఉంది, అంతే కదా.

పెద్దాసుపత్రిలో మధ్యాహ్నానికల్లా తీసేశారు. ఎక్సరేలో వడ్లగింజలో సగమంత తెల్లటి గీత. ఎముకని తాకుతోందిగానీ లోపలికి పోలేదట, ఇంకో రెండ్రోజులైతే వేలు దక్కేది కాదట. వేలు దక్కింది. గోరు వంకరగా వచ్చింది. కొసన ఇప్పటికీ స్పర్శ లేదు, గుడ్డ పట్టుకుంటే నూలో పట్టో తెలియదు. డాక్టరమ్మ బయటికి రాగానే అక్క అడిగిన మొదటి ప్రశ్న ఏంటనుకున్నారు?

"మొన పూర్తిగా వచ్చిందా డాక్టరుగారూ? అంచు విరిగి లోపల ఉండలేదు కదా? ఆ పీసు మాకిస్తారా?"

మత్తులో కూడా నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ అది అడగాల్సిన ప్రశ్నే. పదకొండేళ్లుగా ప్రతి గుడ్డ గురించీ అడిగిన ప్రశ్న, మొదటిసారి మనిషి గురించి అడిగింది. డాక్టరమ్మ చిన్న సీసాలో వేసి ఇచ్చింది.

మర్నాడు అక్కతోపాటు నేను కూడా సూదుల గదికి వెళ్లాను. ఈసారి నా కళ్ల ముందు రాయాలన్నాను. మేం వెళ్లేసరికి టార్గెట్టు సారు అక్కడే ఉన్నారు.

"ఆ పీసు ఇలా ఇవ్వమ్మా. కొత్త పేజీ రాసుకుందాం. పాతది తీసేస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

"పేజీలకి నంబర్లున్నాయి సార్."

"నంబర్ల సంగతి నేను చూస్తాను. నువ్వే ఆలోచించుకో. సంతకం నీది. పోతే నీ ఉద్యోగం పోతుంది."

"తెలుసు సార్. పెట్టిన రోజు కూడా తెలుసు."

అక్క రిజిస్టరు తెరిచింది. పై ముక్క ఉంది, బెజ్జం ముక్క ఉంది, వాటి కింద ఆ దొంగ మొన ఉంది. ఇప్పుడు చూస్తే నాకే తెలిసిపోతోంది, అది లావు. అక్క దాన్ని తీయలేదు. "అదక్కడే ఉండాలి" అంది. దాని పక్కన, సీసాలోంచి నా మొన తీసి పెట్టింది. భూతద్దంతో చూసింది. మధ్య ముక్కకి ఆనించి, సందు లేదని చూసుకుని, టేపు అంటించింది. ఒక సూదికి రెండు మొనలు. కంపెనీ పుట్టాక అలాంటి పేజీ లేదు. తర్వాత పోయినేడాది రిజిస్టరు తీసి, సారు లేపిన చోటు వెతికింది. అక్కడ మొన ఉండాల్సిన చోట టేపు ఉత్తిగా ఉంది. ఇది ఏ పేజీకి పోయిందో ఆ నంబరు అక్కడ రాసింది.

బీరువా తాళంచెవి టేబులు మీద పెట్టి బయటికొచ్చింది. సారు ఆ తాళంచెవి వంక చూస్తూ నిలబడ్డారు.

పై నుంచి ఎవరో వచ్చి విచారణ చేశారు. రిజిస్టరులో తప్పు రాసినందుకు సూదక్కని సూదుల గదిలోంచి తీసేశారు. ఇప్పుడు దారాలు కత్తిరిస్తోంది. ఇరవై ఒక్కేళ్ల కిందట ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే, మెడకి పట్టీ కట్టుకుని, నిలబడి. టార్గెట్టు సారుకి లైను మారింది, అంతే. కొత్త లైనులో కూడా ఆయన్ని అలాగే పిలుస్తున్నారట. నన్ను నా మిషను మీదే ఉంచారు. నడుము పట్టీకి ఇప్పుడు పద్నాలుగో నంబరు సూది ఇస్తున్నారు. బెజ్జాలేమీ కనపడటం లేదు.

అక్కతో నేను సరిగ్గా మాట్లాడటం లేదు. అన్నం వడ్డిస్తే తింటాను. జడ మాత్రం నేనే వేసుకుంటున్నాను, వంకరగానైనా. అత్తయ్య మధ్యవర్తిత్వం చేయబోయి, "ఇద్దరూ ఇద్దరే, రెండు పీసులు" అన్నారు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆవిడ ఆ మాట నా ముందు అనడం మానేశారు.

కోపం ఉంది. ఉంటుంది. అయితే ఆ పేజీ సంగతి ఒకటి చెప్పాలి. "దొరికిన చోటు" అనే గడిలో, దొంగ మొనకి ఎదురుగా, అక్క చేతిరాతతో "టేబులు కింద" అని ముందే ఉంది. రెండో మొన అంటించినరోజు ఆవిడ దాని కింద గీత గీసి, "ఇది అబద్ధం. రాసింది నేనే" అని రాసి మళ్లీ సంతకం పెట్టింది. మామూలుగా ఆ గడిలో నేల మీద, గుడ్డ మడతలో, నూనె పళ్లెంలో అనే ఉంటుంది. రెండో మొనకి ఎదురుగా ఏం రాయాలో తెలియక, కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఒక్క అక్షరం కూడా అందించలేదు. చివరికి తనే రాసింది.

"మా చెల్లెలి వేలిలో. తొమ్మిది రోజులు. అక్కడ ఎవరూ వెతకలేదు, నేను కూడా వెతకలేదు."